8 హెచ్.పి. పడవ ఇంజనుకు మోత చట్రం, నిల్వ స్టాండు: ప్రాజెక్టు డైరీ

గోపాల్‌పూర్ ఒడ్డున పడవకు బిగించే 8 హార్స్ పవర్ టూ-స్ట్రోక్ ఇంజనును బరంపురంలోని మా ఇంటికి చేర్చడానికి ఒక చెక్క చట్రమూ, ఇంట్లో నెలల తరబడి నిలబెట్టి ఉంచడానికి ఒక స్టాండూ తయారు చేశాను. వాటి కొలతలు, పనికి రాని నమూనాలు, మార్పులకు కారణాలు ఈ డైరీలో వరుసగా ఉన్నాయి. ఇంజను మా మేనమామది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు వేట నిషేధం ఉంటుంది. ఋషికుల్య నది ముఖద్వారం చుట్టుపక్కల ఉన్నవారికి సముద్ర తాబేళ్ళ కారణంగా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేరే ఆంక్షలు ఉంటాయి. అక్టోబరు వచ్చిందంటే తుఫాన్ల భయం. అంటే చిన్న ఇంజను ఏడాదిలో చాలా భాగం నేల మీదే గడుపుతుంది. అది నీటిలో తిరిగినప్పటికంటే ఒడ్డున ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ పాడవుతుందని నా అభిప్రాయం. తిరుగుతున్న ఇంజనులో నీరు, నూనె, పెట్రోలు కదులుతూ ఉంటాయి. ఆగిన ఇంజనులో అవి చేరకూడని చోట చేరి నిలిచిపోతాయి.

దశ 1: బరువు, కొలతలు, తూకపు బిందువు

చెక్క కోయించే ముందు ఈ కొలతలు తప్పనిసరిగా తీసుకోవాలి. చేపల తూకానికి వాడే వేలాడే కాటాకు ఇంజనును తగిలించి తూచాము.

1. పెట్రోలు పైపు లేకుండా బరువు: 27.5 కిలోలు.
2. పైమూత నుంచి కింది రెక్క మొన వరకు ఎత్తు: 104 సెంటీమీటర్లు.
3. పడవ వెనుక పలక మీద కూర్చునే క్లాంపు నుంచి కింది మొనకు: 62 సెంటీమీటర్లు. క్లాంపుకు పైన: 42 సెంటీమీటర్లు. ఇది 15 అంగుళాల పొట్టి షాఫ్ట్ రకం. 20 అంగుళాల పొడుగు షాఫ్ట్ ఉన్నవారు కింది కొలతకు 5 అంగుళాలు కలుపుకోవాలి.
4. తూకపు బిందువు (గురుత్వ కేంద్రం): తాడును జరుపుకుంటూ వేలాడదీసి చూడగా అది క్లాంపుకు 8 సెంటీమీటర్లు పైన, పలక నుంచి ప్రొపెల్లర్ వైపుకు 12 సెంటీమీటర్లు వెనుక ఉన్నట్లు తేలింది.

నాలుగో కొలతను ఎవరూ పట్టించుకోరు గాని, స్టాండు పడిపోవడమా నిలబడడమా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఖర్చు: లేదు. కాటా అరువు తెచ్చుకున్నది.

దశ 2: మోత చట్రం, మొదటి నమూనా

115 × 45 సెంటీమీటర్ల చట్రాన్ని సాల్ చెక్క బద్దలతో కొట్టించాను. అడుగు సమతలంగా ఉంది. తలభాగం కింద ఒక పాత టైరు ముక్క, గేరు పెట్టె కింద మరొక ముక్క పెట్టాము. సామాన్ల ఆటోలో ఇంజనును ఇందులో పడుకోబెట్టి తీసుకువెళ్ళాలన్నది ఆలోచన.

ఒడ్డు మీద దాన్ని పడుకోబెట్టడం చూసిన మామయ్య వెంటనే అడ్డుకున్నాడు. "అల్లుడా, ఇప్పుడే నీటిలోంచి తీసినాం కదేటి. అప్పుడే పండబెట్టేస్తే కాలులో నీళ్ళన్నీ తలలోకి పోవా?"

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఈ ఇంజన్లను చల్లబరిచే నీరు పొగతోపాటు ఒకే దారిన కాలిలోంచి, అంటే నీటిలో మునిగే కింది పొడుగాటి భాగంలోంచి, బయటికి పోతుంది. తలభాగం కాలి కంటే కిందికి వంగితే, ఆ నీరు పొగ దారి గుండా సిలిండరులోకి చేరుతుంది. ఉప్పు నీరు అక్కడికి చేరిన తరువాత పిస్టన్ రింగులు, క్రాంకు బేరింగులు తుప్పు పట్టడానికి నెలలు అక్కరలేదు. ఎంత నీరు మిగులుతుందో చూద్దామని ఇంజనును నిటారుగా పట్టుకుని కింద పళ్ళెం పెట్టాము. మొదటి రెండు నిమిషాల్లోనే గ్లాసుడు నీరు కారింది. పావుగంట తరువాత కారడం ఆగిపోయింది. అప్పుడు స్టాప్ స్విచ్చి క్లిప్పు తీసేసి (అది లేకపోతే ఇంజను స్టార్టు కాదు), గేరు న్యూట్రల్‌లో ఉంచి, స్టార్టర్ తాడును మెల్లగా లాగితే పంపులో దాగిన నీరు మరో మూడు నాలుగు చెంచాలు వచ్చింది.

చట్రంలోని మరో లోపం ఆటో కదిలిన తరువాత బయటపడింది. టైరు ముక్క పైమూతకు ఆనడంతో గతుకుల్లో బరువంతా మూత గొళ్ళెం మీద పడింది. గోపాల్‌పూర్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ల దగ్గర అది ఊడి మూత తెరుచుకుంది. మూత ఉన్నది వాన నీరు, తుంపర లోపలికి పోకుండా ఆపడానికే. అది బరువు మోసే భాగం కాదు. ఇంజనును దాన్ని పట్టుకుని ఎత్తకూడదు, దాని మీద ఆనించకూడదు. చేతి పిడికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఖర్చు: చెక్క 640, బోల్టులు 180, టైరు ముక్కలు 60. ఇప్పటిదాకా మొత్తం 880 రూపాయలు.

దశ 2 కొనసాగింపు: మార్చిన చట్రం

1. తలవైపు ఆనింపును పైమూత కింద నుంచి తీసి, ఇనుప క్లాంపు బ్రాకెట్ కిందికి జరిపాను. ఇప్పుడు పైమూతకూ చట్రానికీ మధ్య మూడు వేళ్ళ ఖాళీ ఉంది.
2. రెండో ఆనింపు గేరు పెట్టెకు పైన, కాలి సన్నటి భాగం కింద ఉంది. కింది రెక్క, ప్రొపెల్లర్ దేనికీ తగలవు.
3. తలవైపు ఆనింపు రెండో దానికంటే 12 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంది. ఈ వాలు వల్ల మిగిలిన తడి కాలివైపే జారుతుంది.
4. ప్రొపెల్లర్ చుట్టూ సగానికి కోసిన ప్లాస్టిక్ బకెట్‌ను మేకులతో కొట్టాము. అంచులు తగిలి రెక్కలు వంగకుండా, ఎవరి చేయీ తెగకుండా అది కాపాడుతుంది.
5. 25 మిల్లీమీటర్ల రాట్చెట్ బెల్టులు రెండు: ఒకటి బ్రాకెట్ మీదుగా, ఒకటి కాలి మీదుగా. మొదట చేతి పిడి మీదుగా బిగించినప్పుడు గేరు లివరు పక్కకు నొక్కుకుపోతున్నట్లు కనిపించడంతో ఆ చోటు మార్చాను.

కొత్త బెల్టు మొదట కాస్త సాగుతుంది. బయలుదేరిన నాలుగైదు కిలోమీటర్లకు ఆటో ఆపి మళ్ళీ బిగించుకోవాలి. బరంపురం దాకా దూరం పదహారు కిలోమీటర్లలోపే అయినా ఈ ఆపు తప్పదు.

టూ-స్ట్రోక్‌లో క్రాంకు నూనె నిల్వ ఉండదు గనుక ఏ పక్కకు పడుకోబెట్టాలన్న చిక్కు తక్కువ. ఫోర్-స్ట్రోక్ వారికి ఆ స్వేచ్ఛ లేదు. కింద ఉన్న నూనె తప్పుడు పక్కకు వాలితే సిలిండరులోకి, గాలి దారిలోకి పోతుంది. ఏ పక్క కిందికి ఉండాలో ఇంజను మీదే అంటించిన బొమ్మలోనూ, మాన్యువల్‌లోనూ ఉంటుంది; పక్కవాడి ఇంజనును చూసి నిర్ణయించుకోకూడదు.

ఇసుకలో మోయడానికి సరుగుడు దుంగకు పట్టీ కట్టి ఇద్దరం భుజాన వేసుకుంటున్నాము. మధ్యలో అలసిపోతే ఇంజను కాలిని ఇసుకలో గుచ్చి నిలబెట్టే అలవాటు మా ఒడ్డున చాలామందికి ఉంది. నీరు పీల్చే జల్లెడ రంధ్రాల్లోకి ఇసుక చేరేది అలాగే. ఒక పలక ముక్కను వెంట ఉంచుకుంటే చాలు.

ఖర్చు: బెల్టులు 700, అదనపు చెక్క 220. ఇప్పటిదాకా మొత్తం 1,800 రూపాయలు.

దశ 3: పెట్రోలు ప్రయాణం

ట్యాంకును ఇంజనుతోపాటు చట్రంలో పెట్టము. పైపు ఊడదీసి, ట్యాంకు మూత మీది గాలి స్క్రూ బిగించి, విడిగా, నీడలో, కదలకుండా కడతాము. నిండా నింపిన ట్యాంకు ఎండకు ఉబ్బుతుంది. కొంత ఖాళీ ఉంచాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, తీసుకువెళ్ళవచ్చు. లోహపు డబ్బా 25 లీటర్లకు మించకూడదు. మాకు అంత అవసరం ఎప్పుడూ పడదు. ఇంటికి వచ్చే సరికి ట్యాంకులో మిగిలినది మామయ్య టూ-స్ట్రోక్ మోపెడ్‌లోకి పోతుంది. ఇప్పటికే నూనె కలిపిన పెట్రోలు గనుక దానికి సరిపోతుంది. మామూలు ఫోర్-స్ట్రోక్ బండిలో పోస్తే ప్లగ్గు మసి పట్టి సతాయిస్తుంది.

దశ 4: ఉప్పు కడగడం

అన్ని దశల్లోనూ ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. మంచినీటిలో ఐదు నిమిషాలు తిప్పితే ఉప్పు పోతుందని అందరూ అంటారు. ఎంత పోతుందో ఎవరూ చెప్పరు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టి.డి.ఎస్. మీటరు, ఇంట్లో తాగునీటి కోసం వాడే రకం, ఒకటి కొని, ప్రతిసారీ డ్రమ్ము నీటిని కొలిచాను.

మొదట వాడిన పాత్ర ఇరుకైన బకెట్. ఇంజను నడిచిన కాసేపటికే నీరంతా నురుగై, పొగ బుడగలతో నిండి, చేయి పెట్టలేనంత వేడెక్కింది. నురుగు పీల్చిన పంపు ఇంజనును చల్లబరచలేదు. దాంతో 200 లీటర్ల నీలం డ్రమ్మును సగానికి కోయించాను.

1. ప్రొపెల్లర్ తీసేయాలి. డ్రమ్ములో తిరిగే ప్రొపెల్లర్ నీటిని బయటికి చిమ్ముతుంది, చేతికీ ప్రమాదం.
2. డ్రమ్ము అంచుకు రెండు అంగుళాల మందం పలక బిగించి ఇంజనును దానికి తగిలించాలి. ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డపు పలక పూర్తిగా మునిగేదాకా నీరు నింపాలి.
3. నీరు లేకుండా ఒక్క క్షణం కూడా స్టార్టు చేయకూడదు. పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌కు నీరే కందెన. పొడిగా తిరిగితే దాని రెక్కలు సెకన్లలోనే కాలిపోతాయి.
4. న్యూట్రల్‌లో, తక్కువ వేగంలో నడపాలి. పక్క రంధ్రం నుంచి సన్నటి ధార చిమ్ముతూ ఉండాలి. ధార ఆగితే ఇంజనును ఆపాలి.
5. నీరు మార్చి మళ్ళీ చేయాలి.

మా బోరు నీటి రీడింగు 620. మొదటి ఐదు నిమిషాల తరువాత డ్రమ్ములో 3,400. నీరు మార్చి నడిపాక 1,100. మరోసారి మార్చాక 700. అంటే ఒక్కసారి కడిగి మూలన పెట్టే ఇంజను, తనలో మిగిలిన ఉప్పుతోనే నెలల పాటు ఉంటుంది. రోజూ వాడే రోజుల్లో ఒక విడత చాలునేమో గాని, నిల్వకు ముందు మాత్రం రీడింగు మన నీటి అంకెకు దగ్గరయ్యే వరకు మారుస్తూ ఉండడమే సరైన పద్ధతి.

ఖర్చు: డ్రమ్ము 450, మీటరు 300. ఇప్పటిదాకా మొత్తం 2,550 రూపాయలు.

దశ 5: గేరు నూనె, సీలు

ఈ పని నా పట్టికలో మొదట లేదు. ప్రొపెల్లర్ తీసినప్పుడు దాని వెనుక షాఫ్ట్ చుట్టూ చుట్టుకుని గట్టిపడిన వల దారం కనిపించింది. లేత నీలం నైలాన్ పోగులు, వెంట్రుక మందం, షాఫ్ట్ వేడికి కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఉంగరంలా తయారయ్యాయి. బ్లేడుతో గీరి తీస్తే గోరంత ఉంది. గేరు పెట్టెలోకి నీరు రాకుండా ఆపే రబ్బరు సీలు పెదవిని ఆ ఉంగరం కోసేసింది.

గేరు పెట్టె అడుగు స్క్రూను కొంచెమే వదులు చేసి మొదటి చుక్కలను తెల్లటి మూతలో పట్టాను. నీరు నూనె కంటే బరువైనది గనుక అడుగునే చేరుతుంది. మొదటి చుక్కలే నిజం చెబుతాయి. వచ్చింది పాలు కలిపిన టీ రంగు నూనె. దీన్ని ఇలాగే నిలబెట్టి ఉంటే గేరు పళ్ళూ, బేరింగులూ ఆ నీటిలోనే తుప్పు పట్టేవి. సీళ్ళ జతను బరంపురంలో ఒక మెకానిక్ మార్చి ఇచ్చాడు.

1. పై స్క్రూ, కింది స్క్రూ రెండూ తీసి నూనె పూర్తిగా దించాలి. పై స్క్రూ తీయకపోతే నూనె సరిగా దిగదు.
2. కొత్త నూనెను కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాలి. పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా పొర్లే వరకు నింపాలి. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది.
3. ముందుగా పై స్క్రూ బిగించి, తరువాత కిందిది బిగించాలి. వాషర్లు కొత్తవి వేయాలి.
4. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు మెరైన్ గ్రీజు రాసి, కొత్త పిన్ను పెట్టాలి.

అక్కడే ఉన్న జింకు ముక్కను కూడా చూడాలి. అల్యూమినియం కాలికి బదులు తాను కరిగిపోవడమే దాని పని. సగం తరిగితే మార్చాలి. దాని మీద రంగు వేయకూడదు. అందంగా కనబడాలని రంగు పూసిన ఇంజన్లను మా ఒడ్డున చూశాను, వాటికి జింకు ఉన్నా లేనట్టే.

ఖర్చు: గేరు నూనె 380, వాషర్లు 60, సీళ్ళు, కూలి కలిపి 900. ఇప్పటిదాకా మొత్తం 3,890 రూపాయలు.

దశ 6: కార్బొరేటర్, సిలిండర్లు

ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో తేమకు కొదవ లేదు. నీరు ఎక్కువైతే ఇథనాల్ నీటితోపాటు విడిపోయి అడుగుకు దిగుతుంది. కార్బొరేటర్ గిన్నె అడుగు అంటే జెట్టు (పెట్రోలు పీల్చే సన్నటి రంధ్రం) ఉండే చోటే.

పైపు ఊడదీసి ఇంజను తనంతట తాను ఆగేదాకా నడిపితే గిన్నె ఖాళీ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా ఆగిన తరువాత అడుగు స్క్రూ విప్పి సిరంజిలోకి పట్టి చూస్తే 8 మిల్లీలీటర్లు వచ్చాయి. కాబట్టి చివరి కడుగు పూర్తయ్యాక ఈ క్రమం పాటిస్తున్నాను.

1. డ్రమ్ములో ఇంజను నడుస్తుండగానే కార్బొరేటర్ నోట్లో టూ-స్ట్రోక్ నూనెను చుక్కలుగా వేయాలి. తెల్లటి పొగ దట్టంగా వచ్చి ఇంజను తడబడేదాకా వేసి ఆపాలి.
2. పెట్రోలు పైపు తీసి, గిన్నె స్క్రూ విప్పి మిగిలినది పట్టుకోవాలి. ఈ పని ఆరుబయట, ఇంజను చల్లారాక చేయాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. నేల వెంట పాకి దూరంలో ఉన్న పొయ్యి వరకూ పోగలదు.
3. రెండు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండరులో చెంచాడు టూ-స్ట్రోక్ నూనె పోయాలి.
4. స్టాప్ క్లిప్పు తీసి, ప్లగ్గు వైర్లను ఇంజను లోహానికి ఆనించి, తాడును మెల్లగా కొన్నిసార్లు లాగాలి. ప్లగ్గులు చేత్తో బిగించాలి.

ఖర్చు: ప్లగ్గు స్పానరు 150. ఇప్పటిదాకా మొత్తం 4,040 రూపాయలు.

దశ 7: నిల్వ స్టాండు

మొదటి స్టాండు అడుగు 45 సెంటీమీటర్ల లోతు. నిలువు పలక సరిగ్గా మధ్యలో. పలక అంచు ఎత్తు 75 సెంటీమీటర్లు, కింది రెక్కకూ నేలకూ మధ్య 13 సెంటీమీటర్లు. చూడడానికి పొందికగా ఉంది గాని, ఇంజను తగిలించి భుజం తగిలిస్తే ప్రొపెల్లర్ వైపు ఒరిగింది. దశ 1లోని నాలుగో కొలతతో లెక్క వేస్తే కారణం తెలిసింది. పలక వెనుక అడుగు 22.5 సెంటీమీటర్లు మాత్రమే, తూకపు బిందువు అందులో 12 సెంటీమీటర్లు తినేసింది, మిగిలినది 10.5. నేల నుంచి తూకపు బిందువు ఎత్తు 83. అంటే స్టాండు సొంత బరువును పక్కన పెడితే, సుమారు 7 డిగ్రీల ఒరుగుకే పడిపోతుంది.

మార్పు: అడుగు లోతును 70 సెంటీమీటర్లకు పెంచి, పలకను ముందు అంచు నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర నిలబెట్టాను. వెనుక 45 ఉంది గనుక 33 సెంటీమీటర్ల మిగులు వచ్చింది. ఇప్పుడు వెనక్కి దాదాపు 22 డిగ్రీలు, ముందుకు 24 డిగ్రీల వరకు పడదు. చక్రాలు పెట్టమని వడ్రంగి సలహా ఇచ్చాడు; నున్నటి గచ్చు మీద 27 కిలోలు దానంతట అది జరగడం నాకు ఇష్టం లేక వద్దన్నాను.

ఖర్చు: మొదటి స్టాండు 1,150, మార్పు 420. ఇప్పటిదాకా మొత్తం 5,610 రూపాయలు.

దశ 8: చోటు, కప్పు, పురుగులు

మొదట వరండాలో ప్లాస్టిక్ టార్పాలిన్ చుట్టి, అడుగున తాడు బిగించి ఉంచాము. తెల్లవారుజామున విప్పి చూస్తే లోపలివైపు చెమట పట్టి, క్లాంపు మరల మీద బిందువులు నిలిచి ఉన్నాయి. వానను ఆపినది తేమను బయటికి పోనివ్వలేదు. ఇప్పుడు పాత కాటన్ దుప్పటితో కుట్టించిన సంచి పై నుంచి తొడిగి, అడుగు తెరిచి ఉంచుతున్నాము. ఇంజను వరండాలో కాక లోపలి గదిలో, వంటగదికీ దీపం పెట్టే మందిరానికీ దూరంగా ఉంది.

ధార చిమ్మే రంధ్రంలో కందిరీగ మట్టిగూడు కట్టడం ఈ జిల్లాలో సర్వసాధారణం. సన్నటి రంధ్రం, నీడ, ఎవరూ కదపని చోటు. దానికి అంతకంటే ఏం కావాలి? మా ఇంజనులో గూడు పెన్సిలు మొన లోతున ఉంది. దాన్ని లోపలికి నెట్టకుండా, తడిపి, నైలాన్ దారంతో బయటికి లాగాను. అలాగే స్టార్టు చేసి ఉంటే ధార రాదు. పంపు పాడైందనుకుని విప్పేవాళ్ళం. ఇప్పుడు ఆ రంధ్రానికీ, నీరు పీల్చే జల్లెడకూ గుడ్డ బిరడాలు పెట్టి, వాటికి ఎర్ర రిబ్బను కట్టి రెండో కొసను స్టార్టర్ పిడికి ముడి వేశాను. బిరడా తీయకుండా తాడు లాగడం కుదరదు.

ఎలుకల కోసం సంచి అడుగున స్టాండు చుట్టూ ఇనుప జాలీ బిగించాము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. అందుకని స్టాండును గోడ కొక్కేనికి బెల్టుతో కట్టే ఏర్పాటు కూడా ఉంది. దశ 2లో కొన్న బెల్టులే దానికి పనికి వస్తున్నాయి.

ఖర్చు: సంచి కుట్టుకూలి 260, జాలీ 180. ఇప్పటిదాకా మొత్తం 6,050 రూపాయలు.

దశ 9: మళ్ళీ తీసే క్రమం

నిల్వలో ఉన్నంత కాలం నెలకోసారి బిరడాల రిబ్బను విప్పి, స్టాప్ క్లిప్పు లేకుండా తాడును మెల్లగా ఒకసారి లాగుతాము. పిస్టను ఒకేచోట నిలవకుండా, ఇంపెల్లర్ రెక్కలు ఒకే వంపులో బిగుసుకుపోకుండా ఉండడానికి. క్లాంపు మరలను విప్పి గ్రీజు రాసి మళ్ళీ వదులుగా బిగిస్తాము. నిషేధం ముగిశాక:

1. బిరడాలు తీయాలి. రిబ్బనుకు ఎన్ని కట్టామో అన్నీ వచ్చాయో లేదో చూడాలి.
2. గేరు పెట్టె అడుగు స్క్రూను వదులు చేసి మొదటి చుక్క చూడాలి. రంగు మారి ఉంటే పడవ దాకా తీసుకుపోవడం అనవసరం.
3. ప్లగ్గులు తీసి తాడు లాగి, సిలిండర్లలో నిలిచిన నూనెను గుడ్డలోకి ఊడ్చాలి. నూనె నిండిన సిలిండరును ప్లగ్గుతో మూసి బలంగా లాగకూడదు.
4. కొత్త పెట్రోలు, మాన్యువల్ చెప్పిన పాళ్ళలో నూనె. మా ఇంజనుకు 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు.
5. మొదటి స్టార్టు పడవ మీద కాదు, ఇంటి దగ్గర డ్రమ్ములోనే. మొదట కాసేపు పొగ ఎక్కువగా రావడం సహజం. సిలిండర్లలో పోసిన నూనె కాలాలి. ఇంజను వేడెక్కాక కూడా పొగ తగ్గకపోతే ప్లగ్గులు తీసి తుడిచి, పెట్రోలులో నూనె పాళ్ళు మళ్ళీ కొలిచి చూడాలి.